రేడియేషన్‌లో ఏ పద్ధతి ఎంచుకోవాలి? డీఎన్‌ఏ రిపేరు వైపు నుంచి ఒక పోలిక

కేన్సర్ అని తేలి, డాక్టరు "కరెంటు పెట్టాలి" అన్నాక ఇంట్లో మొదలయ్యే చర్చ ఎక్కువగా మెషీన్ చుట్టూనే తిరుగుతుంది. ఒక ఆసుపత్రిలో ఐఎంఆర్‌టీ అన్నారు, ఇంకోచోట ప్రోటాన్ మంచిదన్నారు. పక్కింటావిడకు ఐదు సిట్టింగుల్లో అయిపోయిందట, మనకేమో 33 చెబుతున్నారు. ఇలా రెండు మూడు కాగితాలు చేతిలో పట్టుకుని ఎటూ తేల్చుకోలేని కుటుంబాల కోసమే ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషీన్ పేరు కంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి: డోసు ఎన్ని భాగాలుగా ఇస్తున్నారు, దాంతోపాటు ఏ మందు ఇస్తున్నారు, మొత్తం ఎన్ని వారాల్లో పూర్తిచేస్తారు. ఈ మూడూ డీఎన్‌ఏ రిపేరుతో ముడిపడినవే. అందుకని ముందు ఆ సంగతి కాస్త చూద్దాం.

కణం లోపల ఏం జరుగుతుంది

డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. రేడియేషన్ ఆ నిచ్చెన కమ్ములను తెంపుతుంది. 1 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) పడితే ఒక్కో కణంలో సుమారు వెయ్యి చోట్ల ఒక కమ్మి తెగుతుంది. సుమారు 40 చోట్ల రెండు కమ్ములూ కలిసి తెగుతాయి. ఒకటే తెగితే కణానికి పెద్ద ఇబ్బంది లేదు, ఎదుటి కమ్మిని చూసి బాగుచేసుకుంటుంది. రెండూ ఒకేచోట తెగితేనే ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు కణానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, తెగిన కొసలను గబగబా అతికించేయడం. పని త్వరగా అవుతుంది గానీ మధ్యలో కొన్ని అక్షరాలు పోవచ్చు. రెండోది, పక్కనే ఉన్న అచ్చు నకలును చూసి పొల్లుపోకుండా తిరిగి రాసుకోవడం. విభజనకు సిద్ధమై డీఎన్‌ఏకు నకలు తీసుకున్న కణానికే ఇది వీలవుతుంది. రొమ్ము కేన్సర్ విషయంలో తరచూ వినే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు పనిచేసేది ఈ రెండో దారిలోనే. మామూలుగా రోజూ జరిగే చిన్న దెబ్బలను కణం ఎలా సరిచేసుకుంటుందో కనిపెట్టినందుకు తోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

చాలా కేన్సర్ కణాల్లో ఈ రిపేరు వ్యవస్థ ఎక్కడో ఒకచోట చెడిపోయి ఉంటుంది. ఆగి సరిచేసుకోకుండా తెగిన డీఎన్‌ఏతోనే విభజనకు దిగి చచ్చిపోతాయి. పక్కనున్న మంచి కణం ఆగుతుంది, బాగుచేసుకుంటుంది, కోలుకుంటుంది. డోసంతా ఒక్కసారే ఇవ్వకుండా రోజుకింత అని ఇవ్వడానికి కారణం ఇదే. మంచి కణాలకు సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య రిపేరు చేసుకునే సమయం దొరుకుతుంది. 1920ల నాటికే పారిస్‌లో క్లోడియస్ రెగో, ఆన్రి కుటార్ ఈ పద్ధతికి బాట వేశారు.

ఇంకో విషయం, ఆక్సిజన్. రేడియేషన్ చేసే దెబ్బల్లో ఎక్కువ భాగం కణంలోని నీటి నుంచి పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే అతి చురుకైన కణికల వల్ల జరుగుతుంది. అక్కడ ఆక్సిజన్ ఉంటే ఆ దెబ్బ శాశ్వతమవుతుంది, లేకపోతే కణం తేరుకుంటుంది. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్లు డోసు కావాలి. కరెంటు పెట్టించుకుంటూ సిగరెట్, బీడీ తాగేవారికి వైద్యం సరిగా పట్టకపోవడానికి ఇదొక కారణం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. పొగ మానడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. లక్షలు పోసి పెద్ద మెషీన్ వెతుక్కునే ముందు ఆ పని చెయ్యండి.

ఎక్కువ సిట్టింగులా, తక్కువ సిట్టింగులా

"సిట్టింగులు తగ్గిస్తే వైద్యం తగ్గించినట్టే కదా" అనే భయం చాలామందిలో ఉంది. రొమ్ము కేన్సర్ విషయంలో ఆ భయం అక్కర్లేదు. ఒకప్పుడు 50 గ్రేలను 25 సిట్టింగుల్లో, ఐదు వారాలపాటు ఇచ్చేవారు. బ్రిటన్, కెనడాల్లో జరిగిన పెద్ద ట్రయల్స్ (పేషెంట్ల మీద వైద్య పద్ధతులను పోల్చి చూసే పరీక్షలు) తర్వాత 40 గ్రేలు 15 సిట్టింగుల్లో, మూడు వారాల్లో ఇవ్వడం మామూలైంది. 2020లో వచ్చిన ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఫలితాలు ఇంకో అడుగు ముందుకేశాయి. నాలుగు వేల మందికి పైగా పాల్గొన్న ఆ ట్రయల్‌లో 26 గ్రేలను ఒక్క వారంలో, ఐదు సిట్టింగుల్లో ఇచ్చారు. ఐదేళ్లలో అదే రొమ్ములో కేన్సర్ తిరగబెట్టింది 15 సిట్టింగులవారిలో 2.1 శాతానికి, ఐదు సిట్టింగులవారిలో 1.4 శాతానికి. రొమ్ము కేన్సర్ కణాలు చిన్న చిన్న డోసులను బాగానే తట్టుకుని రిపేరు చేసుకుంటాయి. అందుకని డోసును మరీ చిన్న ముక్కలు చేస్తే మనకు కలిసొచ్చేదేమీ లేదు.

కాబట్టి డాక్టరు 15 లేదా 5 చెబితే ధైర్యంగా ఒప్పుకోండి. ఊరి నుంచి వచ్చి సిటీలో రూమ్ అద్దెకు తీసుకుని ఉండేవారికి ఐదు వారాలకూ ఒక వారానికీ ఉన్న తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు. 25 సిట్టింగులు చెబితే ఎందుకని అడగండి. రొమ్ము తిరిగి నిర్మించే సర్జరీ లాంటి కారణాలు ఉండవచ్చు. చంకలోని గ్రంథులకూ కరెంటు అవసరమైతే చాలాచోట్ల ఇంకా 15 సిట్టింగులే ఇస్తారు.

ప్రోస్టేట్ కేన్సర్‌దీ ఇదే దారి. బ్రిటన్‌లో చిప్ అనే ట్రయల్ 37 సిట్టింగులకు బదులు 20 సరిపోతాయని తేల్చింది. పేస్-బి ట్రయల్‌లో ఐదు సిట్టింగులు కూడా కేన్సర్‌ను అంతే బాగా అదుపు చేశాయి. అయితే ఐదేళ్లలో చెప్పుకోదగ్గ మూత్ర ఇబ్బందులు ఐదు సిట్టింగులవారిలో 26.9 శాతానికి, మామూలు పద్ధతివారిలో 18.3 శాతానికి వచ్చాయి. ఇప్పటికే మూత్రం ధార సరిగా రాక బాధపడుతున్న పెద్దాయనకైతే నేను 20 వైపే మొగ్గుతాను.

నోరు, గొంతు కేన్సర్లలో లెక్క తిరగబడుతుంది. మన దగ్గర పొగాకు, గుట్కా వల్ల ఇవి ఎక్కువ కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ కణాలకు చిన్న డోసులను రిపేరు చేసుకునే శక్తి తక్కువ. కానీ వైద్యం మొదలైన సుమారు నాలుగు వారాలకు మిగిలిన కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అంటే ఇక్కడ శత్రువు కాలం. డెన్మార్క్ ట్రయల్‌లో అదే డోసును వారానికి ఐదు రోజులకు బదులు ఆరు రోజులు ఇచ్చి వారం ముందు ముగిస్తే, ఐదేళ్ల తర్వాత గడ్డ అదుపులో ఉన్నవారు 60 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. దానికి కొత్త మెషీనూ, కొత్త మందూ ఏమీ అక్కర్లేదు. కీమో తట్టుకోలేని పేషెంటుకు ఈ ఆరు రోజుల పద్ధతి వీలవుతుందేమో తప్పకుండా అడగండి.

సిట్టింగులు మానేయడం ఎంత నష్టమో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. మొదటి రోజుల్లో బాగానే ఉంటుంది. తలకు మాస్క్ చేసేటప్పుడు కొంచెం టెన్షన్, అంతే. వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటును ముఖం మీద పరిచి బల్లకు బిగిస్తారు. ఊపిరి ఆడే రంధ్రాలుంటాయి, కొన్ని నిమిషాల్లో చల్లారి ముఖం అచ్చు తీసినట్టు గట్టిపడుతుంది. రోజూ ఆ మాస్కుతోనే పది పదిహేను నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అసలు కష్టం రెండు మూడు వారాలకు మొదలవుతుంది. నోరు పూస్తుంది, ముద్ద దిగదు. సరిగ్గా అప్పుడే పండగ వస్తుంది, ఊరికెళ్లి నాలుగు రోజులుండి వద్దామనిపిస్తుంది. వెళ్లొద్దు. ఆ నాలుగు రోజులూ పెరిగేది కేన్సరే. తినలేకపోతే ముక్కు ద్వారా ట్యూబు వేసైనా ఆహారం ఇస్తారు, సిట్టింగులు మాత్రం ఆపకూడదు.

మెషీన్ చెడిపోయి రోజులు పోయినా ఊరుకోవద్దు. శనివారం అదనంగా పెట్టడమో, ఒకే రోజు రెండు సిట్టింగులు ఇవ్వడమో చేసి సర్దవచ్చు. రెండిస్తే మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి, ఎందుకంటే మంచి కణాల రిపేరుకు అంత సమయం పడుతుంది. "ఉదయం తొమ్మిదికి ఒకటి, పన్నెండుకు ఒకటి పెట్టేసి పంపించండి, బస్సుకు ఆలస్యమవుతుంది" అని బతిమాలకండి. సాయంత్రం దాకా ఆగండి.

మెషీన్ల సంగతి

గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీకి, పాత పద్ధతులకు కేన్సర్ కణం చావడంలో పెద్ద తేడా లేదు. రెండింటిలోనూ అవే ఎక్స్‌రే కిరణాలు, డీఎన్‌ఏ తెగడమూ అదే రకంగా. పక్కన పడే డోసు తగ్గుతుంది, కాబట్టి మంచి కణాలు రిపేరు చేసుకోవాల్సిన పని తగ్గుతుంది. లాభమంతా అందులోనే ఉంది. అది చిన్న లాభం కాదు. బ్రిటన్‌లో గొంతు కేన్సర్ వారిపై జరిగిన పార్‌స్పోర్ట్ ట్రయల్‌లో లాలాజల గ్రంథులను కాపాడే ఐఎంఆర్‌టీ తీసుకున్నవారిలో ఏడాది తర్వాత నోరు బాగా ఎండిపోయే బాధ 38 శాతానికి ఉంటే, పాత పద్ధతిలో 74 శాతానికి ఉంది. ముంబయి టాటా మెమోరియల్ వారి పార్సర్ ట్రయల్ (2021) ఆపరేషన్ తర్వాత గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు కరెంటు పెట్టించుకున్న మహిళల మీద జరిగింది. మూడేళ్లలో పేగుల ఇబ్బందులు ఐఎంఆర్‌టీలో 21.1 శాతం, పాత త్రీడీ పద్ధతిలో 42.4 శాతం. తల, మెడ, పొత్తికడుపు భాగాలకైతే ఐఎంఆర్‌టీ దొరికేచోటికి వెళ్లడం మంచిదే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీల్లో రేడియేషన్ ఉంది. మీకు రాసిన పద్ధతి అందులోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగాకే సొంత డబ్బు సంగతి ఆలోచించండి.

ఇక ప్రోటాన్. ప్రోటాన్ కిరణం గడ్డ దగ్గర ఆగిపోతుంది, దాటి అవతలికి పోదు. దక్షిణాదిలో చెన్నైలోని అపోలోలో 2019 నుంచి ఉంది, టాటా వారిది నవీ ముంబయిలోని ఖార్ఘర్‌లో ఉంది. పిల్లల మెదడు, వెన్నెముక కేన్సర్లకు దీని అవసరం నిజంగా ఉంది. పెరిగే మెదడు మీద, గుండె మీద అనవసరపు డోసు పడకపోవడం ఆ పిల్లల జీవితమంతా తోడుంటుంది. అలాంటి పిల్లలకు అప్పోసప్పో చేసైనా, దాతలను అడిగైనా ప్రయత్నించమంటాను. ప్రోస్టేట్‌కు మాత్రం కాదు. అమెరికాలో జరిగిన పార్టీక్వాల్ ట్రయల్‌లో ప్రోటాన్‌కీ ఐఎంఆర్‌టీకీ పేషెంట్ల జీవన నాణ్యతలో తేడా కనిపించలేదు. పొలం అమ్మి ప్రోస్టేట్‌కు ప్రోటాన్ పెట్టించాల్సిన పని లేదు. గొంతు కేన్సర్‌లో ఫలితాలు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు.

రిపేరు దృష్టితో చూస్తే నిజంగా వేరైనవి కార్బన్ అయాన్లు. ఇవి డీఎన్‌ఏను ఒకేచోట గుంపుగా తెంపుతాయి, కణం బాగుచేసుకోవడం చాలా కష్టం, ఆక్సిజన్ లేకపోయినా పనిచేస్తాయి. జపాన్‌లోని చిబాలో 1994 నుంచి వీటితో వైద్యం చేస్తున్నారు. కొన్ని రకాల కేన్సర్లకే వాడుతున్నారు కాబట్టి ఎక్కువమందికి ఈ ప్రశ్నే రాదు.

మెషీన్ విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు బయటి నుంచి పెట్టే కరెంటు అయ్యాక లోపలి నుంచి పెట్టే బ్రాకీథెరపీ ఉంటుంది. సిగ్గు, నొప్పి, భయం వల్ల చాలామంది ఆడవాళ్లు అక్కడే ఆగిపోతారు. "దాని బదులు బయటి నుంచే కొత్త మెషీన్‌తో పెట్టేస్తాం" అని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. బ్రాకీథెరపీలో గడ్డకు అందే డోసు బయటి నుంచి ఏ మెషీన్‌తోనూ భద్రంగా అందదు. అది మానినవారిలో మరణాలు ఎక్కువని అమెరికా రికార్డుల పరిశీలనలో తేలింది. మీరు చేరిన ఆసుపత్రిలో ఆ సదుపాయం లేకపోతే మొదటి రోజే ఎక్కడికి పంపిస్తారో, ఏ తేదీకి పంపిస్తారో రాయించుకోండి. మొత్తం వైద్యం ఎనిమిది వారాల్లో ముగియాలి. అమ్మకైనా అక్కకైనా అత్తకైనా ఇంట్లో ఒకరు కూర్చుని నచ్చజెప్పాలి, మత్తు ఇచ్చి చేస్తారని ధైర్యం చెప్పాలి.

తోడుగా ఇచ్చే మందు

సిస్‌ప్లాటిన్ పాత మందు, చవక మందు. అది డీఎన్‌ఏ అక్షరాలను ఒకదానికొకటి ముడివేస్తుంది, దాంతో రేడియేషన్ దెబ్బను కణం సరిచేసుకోలేదు. 1999లో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌లో ఐదు ట్రయల్స్ ఫలితాలు ఒక్కసారిగా వచ్చినప్పటి నుంచి కరెంటుతోపాటు దీన్ని ఇవ్వడం ప్రపంచమంతటా మామూలైంది. రిపేరును అడ్డుకునే మందుల్లో ఎక్కువ ప్రాణాలు కాపాడింది ఇదేనని నా నమ్మకం.

దీన్ని మూడు వారాలకోసారి పెద్ద డోసుగానో, వారం వారం చిన్న డోసుగానో ఇస్తారు. వారం వారం ఇచ్చేది తేలిక అనుకుని చాలామంది అదే కోరుకుంటారు. ఎంత ఇస్తున్నారన్నది ముఖ్యం. నోరు, గొంతు కేన్సర్లపై టాటా మెమోరియల్ 2018లో వెల్లడించిన ట్రయల్‌లో వారానికి 30 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తే రెండేళ్ల తర్వాత గడ్డ అదుపులో ఉన్నవారు 58.5 శాతం. మూడు వారాలకోసారి 100 ఇచ్చినవారిలో అది 73.1 శాతం. ఈ మిల్లీగ్రాములు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు లెక్క. జపాన్‌లో మాత్రం ఆపరేషన్ అయినవారికి వారానికి 40 ఇచ్చిన పద్ధతి మూడు వారాల పద్ధతికి తీసిపోలేదు. వారం పద్ధతే ఎంచుకుంటే అది 40 లెక్కో కాదో అడగండి.

కిడ్నీలు, చెవులు బాగాలేనివారికి సిస్‌ప్లాటిన్ కుదరదు. అప్పుడు సెటుక్సిమాబ్ అనే ఖరీదైన మందు పేరు వినిపిస్తుంది. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే గొంతు కేన్సర్లలో దాన్ని సిస్‌ప్లాటిన్‌తో నేరుగా పోల్చిన రెండు పెద్ద ట్రయల్స్‌లోనూ అది వెనకబడింది. సిస్‌ప్లాటిన్ పనికిరానివారి కోసం టాటా మెమోరియల్ వారు చవకైన డోసిటాక్సెల్‌ను వారం వారం చిన్న డోసులో కరెంటుతోపాటు ఇచ్చి చూశారు. రెండేళ్లకు బతికున్నవారు కరెంటు ఒక్కటే తీసుకున్నవారిలో 41.7 శాతమైతే, మందు కలిపినవారిలో 50.8 శాతం. 2023లో వచ్చిన ఈ ఫలితం మనలాంటి కుటుంబాలకు పెద్ద మేలు. కొత్తది, ఖరీదైనది కాబట్టి మంచిదనే లెక్క ఈ వైద్యంలో చాలాసార్లు తప్పింది.

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌లో ఇప్పుడు ఇంకో ఎంపిక ఎదురవుతుంది. కరెంటుకు ముందు ఆరు వారాలు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు ఇచ్చిన ఇంటర్‌లేస్ ట్రయల్‌లో మన దేశపు మహిళలూ ఉన్నారు. ఐదేళ్లకు బతికున్నవారు 72 నుంచి 80 శాతానికి పెరిగారు. మరో ట్రయల్‌లో, ముదిరిన కేన్సర్లకు కరెంటు, సిస్‌ప్లాటిన్‌లతో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపితే మూడేళ్లకు బతికున్నవారు 74.8 నుంచి 82.6 శాతానికి పెరిగారు. రెంటినీ ఎదురెదురుగా పోల్చిన ట్రయల్ లేదు. మొదటిదాంట్లో మందులు అందుబాటు ధరలో దొరికేవే, రెండోది చాలా ఖరీదు. ఇన్సూరెన్స్ లేని కుటుంబానికి మొదటిదే సరైన దారి. షరతు ఒకటే, ఆ ఆరు వారాలు కాగానే ఏడో వారంలో కరెంటు మొదలవ్వాలి. మెషీన్ స్లాట్ ముందే ఖాయం చేసుకోకుండా ఈ కీమో మొదలుపెట్టవద్దు.

ట్రయల్‌లో చేరమంటే

రిపేరును సూటిగా ఆపే కొత్త మందుల మీద చాలా పని జరుగుతోంది. ఓలాపరిబ్ లాంటి పార్ప్ మందులు (పార్ప్ అనే రిపేరు ప్రోటీన్‌ను ఆపేవి) బీఆర్‌సీఏ లోపం ఉన్న కేన్సర్లలో ఇప్పటికే వాడుతున్నారు. 2005లో రెండు పరిశోధక బృందాలు చూపించినట్టు, ఒక రిపేరు దారి ముందే మూసుకుపోయిన కణంలో రెండో దారినీ మూసేస్తే ఆ కణం చస్తుంది, మంచి కణం బతుకుతుంది. పార్ప్ మందులతోపాటు డీఎన్‌ఏ-పీకే, ఏటీఎం, ఏటీఆర్ అనే ప్రోటీన్లను ఆపే మందులను రేడియేషన్‌తో కలిపి పరీక్షిస్తున్నారు. చిక్కు ఏమిటంటే మంచి కణాలకూ అవే ప్రోటీన్లు కావాలి. అందుకే నోటిపూత, పేగుల బాధ ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ఎంతో ఆశపెట్టిన మందులూ పెద్ద ట్రయల్‌లో నిలవకపోవచ్చు. కణం చావును సులువు చేసే జెవినాపాంట్ మందు చిన్న ట్రయల్‌లో గొప్పగా కనిపించి, పెద్ద ట్రయల్‌లో లాభం చూపకపోవడంతో 2024లో ఆపేశారు.

క్షణంలోపే డోసంతా ఇచ్చే ఫ్లాష్ రేడియేషన్ గురించి కూడా వీడియోల్లో చూసి అడుగుతుంటారు. ఎముకలకు పాకిన కేన్సర్‌తో ఉన్న పదిమందికి అమెరికాలో ఇచ్చి చూశారు, 2022లో వివరాలు వచ్చాయి. అది నొప్పి తగ్గించే వైద్యం. నయం చేయగల కేన్సర్‌కు ఫ్లాష్ కోసం ఆగి కూర్చోవద్దు.

ట్రయల్ అంటే భయపడాల్సింది లేదు. పైన చెప్పిన అంకెల్లో చాలావరకు ఎవరో ఒకరు ట్రయల్‌లో చేరడం వల్లే మనకు తెలిశాయి. సంతకం పెట్టే ముందు అడగండి: మందు రాని గుంపులో పడినా నాకు మామూలుగా ఇచ్చే పూర్తి వైద్యం అందుతుందా? కరెంటు మొదలవడం ఆలస్యమవుతుందా? సైడ్ ఎఫెక్ట్స్ వస్తే ఖర్చు ఎవరిది? మన దేశంలో ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐలో (ట్రయల్స్ వివరాలుండే ప్రభుత్వ రిజిస్టరు) నమోదై ఉండాలి, ఆ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో చూసుకోండి. కరెంటు మొదలవడం ఆలస్యమవుతుందంటే నేనైతే వద్దంటాను.

కుటుంబ చరిత్ర

బీఆర్‌సీఏ మార్పు ఉన్నంత మాత్రాన రేడియేషన్ మానక్కర్లేదు. కేన్సర్‌ను అడ్డుకునే టీపీ53 జన్యువులో పుట్టుకతో మార్పు ఉన్నవారికి మాత్రం రేడియేషన్ వల్ల తర్వాత కొత్త కేన్సర్లు వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటివారికి రొమ్ము కేన్సర్ వస్తే రొమ్ము ఉంచి కరెంటు పెట్టడం కంటే రొమ్ము పూర్తిగా తీసేయడం వైపే డాక్టర్లు మొగ్గుతారు. కుటుంబంలో చిన్న వయసులోనే పలు రకాల కేన్సర్లు వచ్చి ఉంటే ఎంపికకు ముందే చెప్పండి. ఏటీఎం జన్యువు రెండు కాపీలూ చెడిపోయిన పిల్లలకు మామూలు డోసు కూడా ప్రాణాంతకం కావచ్చు. నడక తూలడం, కళ్లలో ఎర్రటి సన్న నరాలు, పదేపదే ఇన్‌ఫెక్షన్లు దాని గుర్తులు. మేనరికాలున్న కుటుంబాల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం ఎక్కువ కాబట్టి, దాచకుండా చెప్పాల్సిన విషయం ఇది.

ఏది ఎంచుకున్నా, చివరి సిట్టింగు రోజున ట్రీట్‌మెంట్ సమ్మరీ తీసుకోకుండా ఇంటికి రావద్దు. ఏ భాగానికి ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, మధ్యలో ఎన్ని రోజులు పోయాయి, కీమో ఎన్నిసార్లు పడింది అన్నవి అందులో ఉండాలి. వీలైతే ప్లాన్ ఫైలు సీడీలో అడగండి. వెన్నుపాము లాంటి చోట్ల పాత డోసు ప్రభావం ఏళ్ల తరబడి కొంత మిగిలే ఉంటుంది. రేపు అదే చోట మళ్లీ కరెంటు పెట్టాల్సి వస్తే, కొత్త డాక్టరు ఎంత ఇవ్వచ్చో లెక్కకట్టేది ఆ కాగితం చూసే.